రౌటర్‌కు పూసిన పసుపు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో తొమ్మిదేళ్లు నెట్‌వర్క్ చూశాను. మెయిన్ ఆఫీసునూ ఎల్బీనగర్ బ్రాంచినీ కలిపేది ఒక్క రౌటర్. ఏ కంప్యూటర్‌కు ఎటు దారి ఇవ్వాలి, ఎవరిని ఎక్కడ ఆపాలి, అంతా లైను లైనుగా దానికి నేర్పింది నేనే. ఆ లైన్లన్నిటినీ ప్రతి శనివారం ఒక ఫైల్‌లోకి కాపీ చేసి దాచేదాన్ని. ఉత్త కాపీ కాదు, ప్రతి లైను పక్కన అదెందుకుందో కూడా రాసేదాన్ని. ఇది తీస్తే ఎల్బీనగర్‌లో అడ్మిషన్ కౌంటర్ ఆగిపోతుందని, ఈ నంబరు మారిస్తే స్టాఫ్ రూమ్ ప్రింటర్ అలుగుతుందని. అంత రాయమని ఎవరూ అడగలేదు. నాకే బుద్ధి లేక రాశాను.

మా యజమాని గుంటూరు వైపు మనిషి. ఆయుధపూజ నాడు జెరాక్స్ మిషన్ నుంచి లిఫ్ట్ మోటారు దాకా అన్నిటికీ బొట్లు పడాల్సిందే. ఆ ఏడాది రౌటర్‌ను ఆఫీసు ఊడ్చే ఆమెకు అప్పగించారు. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమె ఒక్కదాని సంపాదన మీదే ఇల్లు గడవాలి. భక్తి ఎక్కువై పసుపును నీళ్లలో పల్చగా కలిపి, గాలి కోసం ఉన్న కంతలతో సహా రౌటర్ అంతా పూసేసింది. పూజయ్యాక స్విచ్ వేస్తే కాలిన వాసన వచ్చింది. రౌటర్ మీది దీపాలు మాత్రం వెలగలేదు.

పండగ పూట కూడా పిల్లలను వదలరు కదా, మధ్యాహ్నం మూడు గంటలకు రెండు బ్రాంచిల్లోనూ ఆన్‌లైన్ పరీక్ష. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"సారుకు చెప్పకుండ్రి మేడం. నన్ను తీసేస్తడు."

ఆమె కోసమే పరుగెత్తాను. బీరువాలో అదే మోడల్ పాత రౌటర్ ఒకటి ఉంది. దాన్ని తెచ్చి బిగించి, నా ఫైల్ ఎక్కించాను. పావుగంట పట్టింది. ఎల్బీనగర్ వాళ్లు ఫోన్ చేసి అంతా పనిచేస్తోందన్నారు. తల తిప్పితే వెనక యజమాని, చేతిలో ప్రసాదం దొన్నెతో. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆమెను ఒక్క మాట అనలేదు. నా స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

"అంతేనా అమ్మా? ఆ ఫైల్ ఎక్కిస్తే అయిపోద్దా?"

అంతే సార్ అన్నాను, గర్వంగా. ఆ గర్వానికి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. ఒక గంట తల పట్టుకుని కూర్చుని, నాలుగు వైర్లు పీకి మళ్లీ పెట్టి ఉంటే నా సొమ్మేం పోయేది?

దీపావళి దాటగానే పిలిచాడు. నెట్‌వర్క్ పని బయటి కంపెనీకి ఇచ్చారట. అవసరమైనప్పుడు వాళ్లే వచ్చి చూసుకుంటారట. ఫైల్ వాళ్లకు అప్పజెప్పి వెళ్లమన్నాడు. ఇచ్చాను. ఊడ్చే ఆమె గేటు దాకా వచ్చి ఏడ్చింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. అది తప్పని తెలుసు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మూసారాంబాగ్‌లో నా మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ ఉండేవాడు, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ బుర్రలోనే పెట్టుకునేవాడు. సెలవు పెడితే ఆఫీసంతా ఆయన ఇంటికి ఫోన్లు చేసేది. ఆయన ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు.

నేను మన్సూరాబాద్‌లో ఇంట్లో కూర్చున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆ రౌటర్ మొండికేయకపోదు, నన్ను పిలవకా పోరు అనుకుంటూ ఫోన్ పక్కనే పెట్టుకుని నెలలు గడిపాను. చివరికి ఒక పొద్దున బయటి కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. ఫలానా కోచింగ్ సెంటర్ పని ఇప్పుడు తనే చూస్తున్నానన్నాడు. ఏమైందండీ, ఏ బ్రాంచి ఆగిపోయింది అని గబగబా అడిగాను.

"ఏం కాలే మేడం. నిన్న కొత్త రౌటర్ పెట్టిన. మీరు అన్నీ మంచిగ రాసిపెట్టిన్రు, ఎవర్నీ అడిగే పని పడలే. థాంక్స్ చెప్దామని చేసిన."

మంచిదండీ అన్నాను. ఏం పాడైందో రాసుకుందామని అప్పటికే పెన్నూ కాగితం చేతిలోకి తీసుకుని ఉన్నాను.