కళ్ళకద్దుకున్న తుపాకీ

మా అమ్మాయికి పన్నెండేళ్ళు నిండిన ఏడాది, చలికాలంలో, దాని స్నేహితురాలి అమ్మమ్మ ఒక కాగితం పంపించింది. శనివారం మధ్యాహ్నాలు ఊరి బయట హాల్లో పిల్లలకు రైఫిల్ పట్టడం నేర్పుతున్నామనీ, మీ అమ్మాయి వస్తానంటోందనీ, మీకు ఇష్టమైతే సంతకం పెట్టి పంపమనీ అందులో ఉంది. నేను దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పదిరోజులు ఆ తలుపు తీసి పాలు తీసుకుంటూ, మళ్ళీ వేస్తూ, సంతకం మాత్రం పెట్టలేదు. చించి పారెయ్యనూ లేదు.

మేముండేది న్యూజిలాండ్ కింది కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో. ఇంతకంటే దక్షిణానికి వెళ్దామన్నా పెద్దగా భూమి మిగల్లేదు. ఇక్కడ తుపాకీ అంటే ఎవరూ కళ్ళు పెద్దవి చెయ్యరు. కుందేళ్ళు గడ్డి తినేస్తాయి, వాటిని కొట్టాలి, అంతే సంగతి. పదహారేళ్ళు నిండితే గానీ లైసెన్సు ఇవ్వరు గానీ, లైసెన్సున్న పెద్దవాళ్ళు పక్కనే ఉంటే పిల్లలూ కాల్చవచ్చు. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ముసలాయనలు తమ మొదటి రైఫిల్ గురించి, మనవాళ్ళు మొదటి సైకిల్ గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. మసీదుల్లో నమాజు చేస్తున్నవాళ్ళని ఒకడు కాల్చి చంపిన ఆ శుక్రవారం తర్వాత కొన్నాళ్ళు ఎవరూ చెప్పుకోలేదు. ఒకాయన మాత్రం, తన పాత తుపాకీని కొడుకు చేత పోలీసులకు ఇప్పించేశానని చెప్పి, టీవీ ముందు కూర్చుని ఏడ్చాడు. చచ్చిపోయినవాళ్ళ కోసమా, తుపాకీ కోసమా అని నేనడగలేదు. దుప్పటి సర్ది వచ్చేశాను.

మా ఆయనకి ఇందులో సందేహాలేమీ లేవు. గరాజులో మెకానిక్ కదా, ఏ వస్తువునైనా విప్పి చూస్తేనే భయం పోతుందంటాడు.

“మొక్కై వంగనిది మానై వంగుద్దా? నేర్చుకోనీ. రేపు ఏ ఫ్రెండ్ ఇంటికి స్లీపోవర్‌కని రాత్రి పడుకోడానికి పోయినా అక్కడోటి ఉంటది. తెలీకుండా ముట్టుకునే కన్నా తెలిసి ముట్టుకునేది మేలు. నువ్వేమంటావ్?”

“నేనేమీ అనను.”

“నీతో పోట్లాడదామన్నా పోట్లాట పుట్టదే తల్లీ,” అని నవ్వి వెళ్ళి పడుకున్నాడు.

ఆయన అన్నది నిజమే. తుపాకీ అనగానే నాకు భయం వెయ్యదు, కోపం రాదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉన్నా లేనట్టు ఉంటుంది చూడండి, అలా ఉంటుంది. ఎందుకో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న బ్యాంకు గార్డు. ప్రకాశం జిల్లాలో ఓ చిన్న ఊరి బ్యాంకు గుమ్మంలో, స్టూలు మీద, సొంత లైసెన్సు మీద కొన్న రెండు గొట్టాల తుపాకీ మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. కాల్చవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. సాయంత్రం దాన్ని సైకిలుకి కట్టుకుని ఇంటికి తెచ్చి, ఖాకీ గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేవాడు. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ఆ నెలంతా బీరువా పైన ఆ గుడ్డ ఒక్కటే పడి ఉండేది.

మా ఇంట్లో తుపాకీ గురించి పిల్లలకు నేర్పింది ఒకే ఒక్క మాట. “దాని జోలికి పోబాకండి.” ఎందుకు పోకూడదో చెప్పరు. అందులో ఏముంటుందో, ఎట్లా తెరుస్తారో, నిండి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పరు. అడిగితే వీపు విమానం మోతే. ఏడాదికి ఒక్కరోజు మాత్రం దాని దగ్గరకు వెళ్ళొచ్చు. అది ఆయుధపూజ రోజు.

ఆ రోజు పొద్దున్నే నాన్న తుపాకీని మధ్యకి విరిచి తెరిచి, కడ్డీకి నూనెగుడ్డ చుట్టి గొట్టాలు తుడిచి, మూసి అమ్మకిచ్చేవాడు. అమ్మ దాన్ని దేవుడి మూల గోడకి నిలబెట్టి, పసుపు రాసి, గొట్టాల చివర కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేది. పక్కనే నాన్న సైకిలు, కత్తిపీట, అమ్మ కుట్టుమిషను. హారతి అయ్యాక పిల్లలం ఒక్కొక్కదానికీ దండం పెట్టుకుని కళ్ళకద్దుకోవాలి. కూడు పెట్టే వస్తువులు కదా.

నాకు పదేళ్ళప్పుడు ఆ రోజు నాన్న స్నానానికి ఆలస్యంగా లేచాడు. ముందురోజు బ్యాంకు డబ్బుతో జీపులో ఒంగోలు దాకా వెళ్ళి బాగా పొద్దుపోయి వచ్చాడు. వర్జ్యం వచ్చేస్తోందని అమ్మ తొందరపడింది. నాన్న నూతి దగ్గర ఉండగానే బీరువా మీది నుంచి తుపాకీ దించి, బొట్టు పెట్టేసి, దండ వేసేసింది. నాన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి హారతి పళ్ళెం తిరుగుతోంది. హారతి మధ్యలో ఎవరు మాట్లాడతారు? ఆయనా చేతులు జోడించి నిలబడ్డాడు.

మా తమ్ముడికి ఏడేళ్ళు. గోడకి నిలబెట్టిన తుపాకీ సరిగ్గా వాడి మొహం ఎత్తు ఉండేది. వంగి, గొట్టాల చివర ఉన్న బొట్టుకి కుడికన్ను ఆనించాడు, తర్వాత ఎడమకన్ను ఆనించాడు. కుంకుమ కనుబొమలకి అంటుకుంది. “వీడికున్న భక్తి ఇంట్లో ఎవరికీ లేదు,” అని అమ్మ మురిసిపోయింది.

తర్వాత అందరూ పులిహోర తింటుంటే నేను మంచినీళ్ళ కోసం లేచాను. వరండాలో నాన్న దండ తీసి పక్కన పెట్టి, తుడవడానికి తుపాకీ విరిచాడు. ఎడమ గొట్టంలో ఎర్రటి తూటా ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తీసి చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి పెట్టి నొక్కుకున్నాడు. తల తిప్పితే గుమ్మంలో నేను. నీళ్ళు తాగి వెళ్ళి పులిహోర తిన్నాను.

మరుసటి ఏడాది నుంచి తుపాకీని పూజలో పెట్టలేదు. నాన్న ఒక ట్రంకుపెట్టె కొని తాళం వేశాడు. అమ్మ కారణమడిగితే తుప్పు పడుతోందన్నాడు. ఆయన పోయేదాకా నాన్నకీ నాకూ మధ్య ఆ మాట రాలేదు.

పదకొండోరోజు ఫ్రిజ్ మీది కాగితానికి సంతకం పెట్టాను. పెట్టకపోతే కారణం చెప్పాలి. చెప్పడం కంటే పెట్టడమే తేలిక.

ఆ హాల్లో ఒక చివర ఇనప పలక, దాని ముందు చిన్న దీపాల వెలుగులో గుండ్రాలు గీసిన అట్టలు. ఇంకో చివర నేలమీద పరుపుల్లాంటి చాపలు. మూల హీటరు, టీ, బిస్కట్లు. స్నేహితురాలి అమ్మమ్మకి డెబ్భై దాటాయి. గొర్రెల ఫారంలో బతుకంతా గడిపిన మనిషి, పొట్టిగా, ఉన్ని స్వెటరుతో. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మొదటి మూడు శనివారాలు పిల్లలకి ఒక్క తూటా ఇవ్వలేదు. రైఫిల్ ఎవరిచేతికి వచ్చినా తూటా గదిని మూసే బోల్టు వెనక్కి లాగి తెరవాలి, లోపలికి చూడాలి, ఖాళీగా ఉందని పైకి చెప్పాలి. ఇప్పుడే పక్కవాళ్ళు చూసి చెప్పినా సరే, మళ్ళీ చూడాలి. “నిండి ఉందనే అనుకోండి, ఎప్పుడూ,” అని పిల్లల చేత అప్పజెప్పించింది. నేను వెనక కుర్చీలో కూర్చుని టీ తాగాను. మా అమ్మాయి ఇంట్లో చీపురు పట్టుకుని కూడా బోల్టు తెరవడం నటించేది. దానికి ఇంత ఇష్టమైన పని నేను ఇంతకుముందు చూడలేదు.

నాలుగో శనివారం తూటాలిచ్చారు. పిల్లలు బోర్లా పడుకుని ఐదేసి కాల్చారు. బోల్టులు తెరిచి, రైఫిళ్ళు చాపల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి వచ్చి నిలబడ్డారు. పెద్దావిడ మనవరాల్ని తీసుకుని అట్టలు తేవడానికి ముందుకు నడిచింది. మనుషులు ముందు ఉన్నంతసేపూ రైఫిళ్ళను ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడి నియమాలన్నిటిలో అదే మొదటిది.

మా అమ్మాయి టోపీ చాప పక్కన మర్చిపోయింది. గీత దాటి ఒక్క అడుగు వేసింది. బూటు రైఫిల్ వెనక చెక్కకి తగిలింది. వెంటనే వంగింది. కుడిచేతి వేళ్ళతో రైఫిల్‌ని ముట్టుకుని, ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకుంది.

“ఆగు!”

ఆ ముసలి గొంతులో అంత కేక ఉందని నాకు తెలీదు. హాలంతా బిగుసుకుపోయింది. మనవరాలు అట్ట పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దావిడ నెమ్మదిగా వెనక్కి వచ్చి, మా అమ్మాయిని గీత వెనక్కి పంపి, అప్పుడు అడిగింది.

“ఎందుకు ముట్టుకున్నావ్?”

“కాలు తగిలింది. సారీ చెప్పాను.”

“ఎవరికి?”

మా అమ్మాయి చాప వైపు చూపించింది.

“నువ్వు దానికి సారీ చెప్పేటప్పుడు దాని ముందు నేనున్నాను. నా మనవరాలు ఉంది.”

మా అమ్మాయి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆవిడ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, నా దగ్గరకు వచ్చింది.

“ఎక్కడ నేర్చుకుంది?”

“నా దగ్గరే,” అన్నాను.

అబద్ధమేముంది? అది నడక నేర్చిన రోజుల్లోనే పుస్తకానికి కాలు తగిలితే చెయ్యి పట్టుకుని కళ్ళకద్దించాను. బియ్యానికీ, చీపురుకీ, చివరికి లాప్‌టాప్‌కి కూడా అద్దిస్తాను. తెలుగు సరిగా మాట్లాడకపోయినా ఇదొక్కటైనా మనదని మిగిలిందని మురిసిపోయాను, మా అమ్మలాగే.

“మీ పద్ధతి చెడ్డదని నేననను,” అంది ఆవిడ. “కానీ చెయ్యి తలకంటే ముందు కదిలింది. నేను మాన్పిస్తే భయంతో మానుతుంది. భయపడే పిల్ల చేతికి రైఫిల్ ఇవ్వను. నేర్పినవాళ్ళే మాన్పించాలి. మాన్పిస్తే వచ్చే శనివారం తీసుకురండి. లేకపోతే ఇంతటితో సరి.”

తిరుగుదారిలో వాన. కొంతదూరం పోయాక అమ్మాయి అంది.

“అమ్మా, యూ టోల్డ్ మీ టు డూ దట్. కాలు తగిల్తే అలా చెయ్యాలన్నావ్.”

“అన్నాను.”

“అయితే నా తప్పెలా అవుతుంది?”

“నీ తప్పు కాదు.”

“ఐ వాంట్ టు గో బ్యాక్. ప్లీజ్. ఆవిడకి ఏదో ఒకటి చెప్పు.”

పాలూ బ్రెడ్డూ అమ్మే ఒక చిన్న కొట్టు ముందు కారు ఆపాను. పాలు కొనడానికని చెప్పి, దిగకుండా కూర్చున్నాను. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చెప్పవలసింది దీనికి. తాతయ్య తుపాకీ, వర్జ్యం, బంతిపూలు, మామయ్య కళ్ళు, వరండాలో ఎర్ర తూటా, అన్నీ చెప్పాను. మందుల చీటీ చదివినట్టు చెప్పాను. ముప్ఫైనాలుగేళ్ళలో మొదటిసారి చెబుతుంటే ఏడుస్తాననుకున్నాను గానీ, ఏమీ రాలేదు.

“మామయ్యకి తెలుసా?”

“తెలీదు.”

“అప్పుడు నువ్వెక్కడున్నావ్?”

“వాడి పక్కనే.”

“జస్ట్ చూస్తూ ఉన్నావా?”

లేదు. మా ఇంట్లో హారతైనా, ప్రసాదమైనా, దండమైనా పెద్దపిల్లతోనే మొదలు. వాడు ఎలా అద్దుకోవాలో నన్ను చూసే నేర్చుకున్నాడు.

“ముందు నేను పెట్టుకున్నాను,” అన్నాను. “నా తర్వాత వాడు.”

ఆ మాట నా నోటి నుంచే నేను విన్నాను. అన్నేళ్ళూ ఆ కథలో తమ్ముణ్ణి ఒక్కణ్ణే ఉంచాను. తూటా ఎడమ గొట్టంలో ఉందని గుర్తుంది, తమ్ముడి కనుబొమల మీద కుంకుమ గుర్తుంది, నా మొహానికి అంటిన కుంకుమ మాత్రం గుర్తులేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. భయమేసింది. అప్పటి భయం, ఇప్పటికి వచ్చింది.

అమ్మాయి చెయ్యి చాపి హీటరు పెంచింది.

“నేనింక దానికి సారీ చెప్పను,” అంది తెలుగులోనే.

తర్వాతి శనివారం ఇద్దరం వెళ్ళాం. ఎలా మాన్పించారని పెద్దావిడ అడగలేదు. అమ్మాయి కళ్ళలోకి చూసి, చాప చూపించింది. నేను కుర్చీ దగ్గరకు వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను.

“నాకూ చూపిస్తారా? కాల్చను. తెరవడం ఒక్కటే.”

రైఫిల్ నా చేతికిచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా, చల్లగా ఉంది. కళ్ళకద్దుకోవడానికి తల వంగబోతోందని నాకే తెలుస్తోంది.

“అమ్మా, ఫస్ట్ ఓపెన్ ఇట్,” అంది పక్క నుంచి మా అమ్మాయి.

బోల్టు లాగాను. వెనక నుంచి లోపలికి చూశాను.

“ఏముంది? పైకి చెప్పాలి,” అంది పెద్దావిడ.

“ఏమీ లేదు,” అన్నాను. “ఖాళీ.”

ఇంకోసారి చూసి, అప్పుడు అమ్మాయి చేతికిచ్చాను. అది తీసుకుని, నేను చెప్పింది పక్కన పెట్టి, మళ్ళీ తనే తెరిచి చూసుకుంది.