నెలకు నాలుగు వేల సుఖం

ఆ రోజుల్లో సుఖానికి ఒక ధర ఉండేది. ఆ ధర అందరికీ తెలుసు. దాన్ని ఎవరు నిర్ణయించారో మాత్రం ఎవరికీ తెలియదు. ఎనభైల నడుమ, సారపాకలో, కాగితం మిల్లు ప్రయోగశాలలో కెమిస్టుగా చేరిన నాకు ఈ సంగతి భరించరానిదిగా తోచేది. అనుమానించడమే నా ఉద్యోగం మరి. అడవి దారుల వెంట లారీల్లో వచ్చే వెదురును, జామాయిల్ కర్రను కాంట్రాక్టర్లు కాటా మీదికెక్కించి పది టన్నులంటారు. ఆ పదిలో కర్ర ఎంత, నీళ్ళెన్ని అని తేల్చడం నా పని. ముక్క కోసి, తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూచి, తగ్గినంత బరువును తడి కింద కొట్టేసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఈ అలవాటు చేతినుంచి నోటికి పాకింది. ఎవరేం చెప్పినా "ఎవరు చూశారు, ఎందరిని చూశారు, ఎలా కొలిచారు" అని అడగనిదే నాకు అన్నం సహించేది కాదు. (ఇలాంటివాడికి స్నేహితులు తక్కువగా ఉంటారని వేరే చెప్పనక్కర్లేదు. ముగ్గురుండేవారు, లెక్కపెట్టే చెబుతున్నాను.)

నాకు పెళ్ళి చేసే బాధ్యతను ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉండే మా మేనమామ నెత్తికెత్తుకున్నాడు. ఆయన ఒక రోజు నన్ను వెంటబెట్టుకొని, రెండు బస్సులు మారి దమ్మపేట తీసుకువెళ్ళాడు. అమ్మాయి తండ్రిది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. మిర్చి, పొగాకు వేసేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ను పెద్దాయన అనే పిలిచేవారు గనుక నేనూ అలాగే అంటాను. అమ్మాయి డిగ్రీ చదివింది. ఏమైనా అడుగుతావా అమ్మా అని మా మామ మర్యాదకు అంటే, సాధారణంగా తల దించుకోవలసిన ఆ ఘట్టంలో ఆమె నిజంగానే అడిగింది: "కర్రలో తడి ఎంతుందో చెప్పడం మీ పనట కదండీ. చేత్తో పట్టుకొని చెప్పగలరా?" చెప్పలేనన్నాను. ఎండబెట్టి తూస్తేగాని తెలియదన్నాను. "మా నాన్న చెబుతాడండీ. మిరపకాయ పట్టుకొని ఊపి, గింజ చప్పుడు విని చెప్పేస్తాడు" అంది. అది పరీక్షకు నిలబడే మాటేనా అని నేను అడగలేదు. నా జీవితంలో ప్రశ్నించకుండా వదిలిన మొదటి ప్రకటన అదే. దీన్నిబట్టి నా పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో పాఠకులు ఊహించుకోవచ్చు.

వారం తిరక్కుండా మామ సారపాక వచ్చి, నా మంచం మీద కూర్చొని, చెప్పులు కూడా విప్పకుండా కబురు చెప్పాడు.

"తప్పిపోయేటట్టున్నదిరా. పెద్దాయన ఒక్కటే మాటన్నడు. నెలకు నాలుగు వేలు లేనిది పిల్ల సుఖపడదట."

"నాలుగు వేలని ఆయనకెవరు చెప్పారు?"

"అందరు అంటున్నరట."

"అందరూ అంటే ఎందరు?"

"అరేయ్, నేను పిల్ల సంగతి మాట్లాడుతున్న, నువ్వు జనాభా లెక్కలడుగుతున్నవ్. గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, కలర్ టీవీ, స్కూటరు, పిల్లలకు కాన్వెంటు, ఆదివారం హోటల్ల భోజనం. ఇవన్ని ఉంటేనే కొంచెం పైస్థాయి బతుకట. దానికి నాలుగు వేలకు ఒక్క రూపాయి తగ్గదట. నీకొచ్చేది పదమూడు వందల యాభై."

నాకు ఒళ్ళు మండింది. జీతం చాలదన్నందుకు కాదు. చాలకపోతే చాలదు, అది కొలవగల విషయం. ఏ ప్రాతిపదికా లేని ఒక అంకె, కాళ్ళూ చేతులూ ఉన్న మనిషిలా దమ్మపేట దాకా నడిచి వెళ్ళి, కుర్చీ వేసుకొని కూర్చొని, నా సంబంధం చెడగొట్టినందుకు. పిల్లలే లేనివాణ్ణి కాన్వెంటు ఫీజు కింద తిరస్కరించడం ఏ తర్కం? ఆదివారం హోటలేమిటి? భోజనం కోసం వంతెన దాటి భద్రాచలం వెళ్ళి, యాత్రికుల వెనక వరుసలో నిలబడి, ఇంట్లో ఉన్న సాంబారునే డబ్బిచ్చి తినడం సుఖమని ఎవరు రుజువు చేశారు? ఇదంతా మామతో గంటసేపు వాదించాను. ఆయన ఓపికగా విని, "మంచిగ చెప్పినవ్. గిదే దమ్మపేటల చెప్తే ఉన్న సంబంధం గూడ పోతది" అన్నాడు.

అంకె ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలని నిశ్చయించాను. పెద్దాయనకు ఆ మాట చేరవేసింది జామాయిల్ కాంట్రాక్టరని మామ చెప్పాడు. అతనిది దమ్మపేట దగ్గరే. వినగానే నాకు కుట్ర మొత్తం అర్థమైపోయింది. ఆ వర్షాకాలంలోనే అతని మూడు లారీలకు నేను తడి కొట్టేశాను; ఇది ప్రతీకారం. మర్నాడు కాటా దగ్గర అతన్ని నిలదీశాను. అతను బీడీ పారేసి, నొచ్చుకున్న ముఖం పెట్టాడు.

"నాకేమవసరం సార్. పెద్దాయన నన్ను, మిల్లు కాలనీల మంచిగ బతకాలంటే ఎంత కావాలె అనడిగిండు. నాకేం తెలుసు, నేను చెట్లు నరికేటోణ్ణి. ఇంజనీరు గారింట్ల అక్కనడిగిన. నాలుగు వేలన్నది. నేను గదే చెప్పిన. ఒక్క రూపాయి కలపలె, ఒక్క రూపాయి తియ్యలె. మీలెక్క కొట్టెయ్యడం నాకు రాదు."

అతని చివరి వాక్యాన్ని అప్పుడు పట్టించుకోలేదు. సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా ఇంజనీరు గారి క్వార్టరుకు వెళ్ళాను. కాలనీ అంతా అక్క అని పిలిచే ఇంజనీరు గారి భార్యది కొత్తగూడెం, తండ్రి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కాలనీలో ఏ విషయమైనా ఆమె చెవి దాటకుండా ముందుకు పోదు. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను మర్యాదగా, అయినా గట్టిగానే, ఒక అమ్మాయి జీవితం ఆధారపడ్డ విషయంలో ఆధారం లేని అంకెలు ప్రచారం చేయడం ఎంత బాధ్యతారాహిత్యమో వివరించాను. ఆమె చేట పక్కనబెట్టి మొత్తం విన్నది.

"అయిపోయిందా తమ్మీ?"

"అయిపోయింది."

"ఆ నాలుగు వేలు నువ్వే చెప్పినవ్ గదా."

నేను నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు.

"మా పిన్ని బిడ్డను చేసుకొమ్మని నిరుడు అడిగిన చూడు. గప్పుడు గీ అరుగు మీదనే కూసున్నవ్. అక్కా, మర్యాదగా బతకాలంటే నెలకు నాలుగు వేలు కావాలి, అంత జీతమొచ్చేదాక పెళ్ళి మాటెత్తొద్దు అన్నవ్. గ్యాసు, ఫ్రిజ్జు, హోటలు అన్ని వేళ్ళ మీద లెక్కపెట్టినవ్. నాకు నమ్మకం రాక, నిజంగనేనా అని గూడ అడిగిన. శాస్త్రీయంగ లెక్క కట్టిన అక్కా అన్నవ్. సైన్సు సదివినోడు అన్నడు గదా అని నేను పది మందికి చెప్పిన. ల్యాబు తమ్ముడు లెక్క కట్టిండంటే ఇంగ తప్పెందుకైతది?"

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అంతా వచ్చింది, టీ గ్లాసుతో సహా. ఆ సంబంధం తప్పించుకోవడానికి, నా జీతానికి అందనంత దూరంలో ఉండే ఒక అంకె కావలసి వచ్చింది. మూడు వేలంటే రెండు ప్రమోషన్లతో అందుతుందేమోనని భయపడి నాలుగు చేశాను. కాన్వెంటు, హోటలు అప్పటికప్పుడు నోటికి వచ్చినవి. శాస్త్రీయంగా అన్న మాట ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. (ఆ మాట లేకపోతే ఆ అంకె కాలనీ గేటు కూడా దాటేది కాదని మాత్రం చెప్పగలను.) లోకమంతా గాలిమాటలతో బతుకుతోందని ఏడాదిపాటు మండిపడ్డవాడి సొంత గాలి, ఊరూరా తిరిగి, వాడి ముఖాన్నే కొట్టింది.

ఇంతటితో బుద్ధి రావలసింది. రాలేదు. తప్పు నాదని తెలిశాక నాకు కోపం తగ్గలేదు సరికదా, అది అంకె మీదినుంచి పెద్దాయన మీదికి మళ్ళింది. నేనేదో అన్నాను, ఈయన ఎలా నమ్మాడు? ఆధారం అడగవద్దా? దమ్మపేట వెళ్ళి ఆ లెక్క తప్పని నిరూపిస్తాను, లెక్క ఎవరిదన్నది ప్రస్తుతాంశం కాదు అని నాకు నేనే నచ్చజెప్పుకొని, మామను లాక్కుని బస్సెక్కాను.

పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక ఇంకో నీడ కూడా ఉందని నేను గమనించాను.

"ఏమండీ, ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ కుటుంబం సుఖంగా ఉన్నట్టేనా?"

"నాకేం బాబూ. పాడి ఉంది, పంట ఉంది, ఇల్లుంది. వచ్చినవాడు తినకుండా వెళ్ళడు."

"అయితే మీ నెలాదాయం ఎంతండీ?"

మామ నా కాలు తొక్కాడు. పెద్దాయన తికమకపడ్డాడు. ఆయనకు నెలాదాయమన్నది ఎప్పుడూ లేదు. మిర్చి అమ్మినప్పుడు ఒకసారి, పొగాకు అమ్మినప్పుడు ఒకసారి డబ్బు చూసే మనిషి. మధ్యలో నెలలున్నాయన్న సంగతి పంచాంగంలో తప్ప ఆయనకు అవసరపడలేదు. "ఏడాది లెక్కయితే అదిగో" అని తలుపు వెనక్కి చూపించాడు. ఆ ఇళ్ళల్లో బస్తాల లెక్క, కూలీల లెక్క తలుపు వెనక సుద్దముక్కతోనే రాసేవారు. ఖర్చులు పోను నిరుడు మిగిలింది పన్నెండు వేలని అక్కడుంది. దాన్ని పన్నెండుతో భాగించమన్నాను. పెద్దాయన లోపలికి కేక వేస్తే అమ్మాయి వచ్చి, తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"వెయ్యి నాన్నా."

"సరిగ్గా చూడమ్మా."

"ఎన్నిసార్లు చూసినా వెయ్యే."

గెలిచాను. నాకంటే మూడు వందల యాభై తక్కువ. ఆ సంగతి పైకి అనేందుకు నోరు తెరిచి, పెద్దాయన ముఖం చూసి ఆగిపోయాను. ఆయన తలుపునే చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న తలుపు అది.

"అంటే," అన్నాడు మెల్లగా, భార్య వైపు తిరిగి, "నిన్ను నేను సుఖపెట్టలేదన్నమాట. నాలుగో వంతేగా ఇచ్చింది."

అమ్మాయి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఏ ఓవెన్‌లోనూ అంత వేడి నేను చూడలేదు. ఒక నిండు ఇంటిని, నా నోటికి వచ్చిన అంకెను కొలబద్ద చేసి, ఐదు నిమిషాల్లో పేదిల్లు చేశాను. సంబంధం పోతే పోనీ, ఇది ఇలా వదిలి వెళ్ళడానికి లేదనిపించింది.

"ఆ నాలుగు వేలు తప్పండీ. అది నేనే అన్నాను."

మొత్తం చెప్పాను. మామ, ఇంటి కప్పు వాసాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

"లెక్క కట్టి అన్నావా?" అన్నాడు పెద్దాయన.

"లేదండీ. ఊరికే అన్నాను."

"ఊరికే నాలుగు వేలా?"

"మూడనుకున్నానండీ మొదట."

ఆయన ఇంకోసారి తలుపు వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఒక సంబంధం తప్పించుకోడానికి అన్నావు. ఇంకో సంబంధం కోసం కాదంటున్నావు. ఇలా మాట మార్చేవాడికి పిల్లనెలా ఇవ్వమంటావు బాబూ?"

న్యాయమైన ప్రశ్న. చెప్పులు వెతుక్కుంటూ లేచాను. అప్పుడు గుమ్మంలోంచి ఆయన భార్య, గిన్నె తుడుచుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"మా నాన్నతో పదిహేనెకరాలన్నారు. కాపురానికొచ్చి చూస్తే ఎనిమిది. నేను వెనక్కి పోయానా? ఈ అబ్బాయి పెళ్ళికి ముందే ఒప్పుకున్నాడు. మీరింకా ఒప్పుకోలేదు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. పెద్దాయన "అవి మా అన్నదమ్ములందరివీ కలిపి చెప్పారే" అని గొణిగి, ఆ మాట తనకే సరిగ్గా అనిపించక, "అయితే మనం సుఖంగానే ఉన్నట్టా?" అని ఆమెనడిగాడు. "మజ్జిగ తాగండి" అందామె. ఆ ఇంట్లో దానికి అర్థం అవునని.

వేసవిలో పెళ్ళయింది. పీటల మీద కొంగుముడితో కూర్చున్నాను. పందిట్లో, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన బంధువులకు, ఇప్పుడు నాకు మామగారైన పెద్దాయన నన్ను చూపిస్తూ చెప్పడం నా చెవిన పడింది: "పేపరు మిల్లులో ఆఫీసరు. నెలకు నాలుగు వేలు." నేను వెంటనే అటు తిరిగాను. సవరించవలసిన ప్రకటన, ఆధారం తప్పని సాక్షాత్తూ వక్తకే తెలుసు, నోరు తెరిచాను కూడా. పక్కనుంచి కొంగుముడి ఒక్కసారి లాగింది. తిరిగి చూస్తే ఆమె ఎదురుగా ఉన్న అక్షింతల పళ్ళెంకేసే చూస్తోంది. నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నా జీతం నిజంగా నాలుగు వేలయ్యేనాటికి స్కూటరు పాతబడింది, పిల్లలు పుట్టారు, అప్పటికి సుఖానికి ఏడు వేలంటున్నారు. ఎవరు నిర్ణయించారని నేను అడగలేదు. ప్రతి మాటనూ ఎండబెట్టి తూచాలనుకున్న ఆ కుర్రవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే ఆ పందిట్లో, తన జీవితంలో విన్న అబద్ధాలన్నిటిలోకీ తేలికైన ఆ ఒక్కదాన్నీ తడి కొట్టకుండా పోనిచ్చాడే, దానికి మాత్రం వాణ్ణి తల్చుకొని నవ్వుకుంటాను.