పెద్ద నక్షత్రాలకు రెండు మాటలు

మా కాలేజీలో సైన్స్ డే నాడు పెద్ద నక్షత్రాలు ఎట్లా పుడతాయో చెప్పమన్నారు. నేను పరిశోధన చేసింది దాని మీదే కాబట్టి అడిగారనుకుని పొంగిపోయాను. అతిథులూ, శాలువాలూ, సమోసాలూ అన్నీ కుదిరాక చెప్పే మనిషి ఒక్కతే తక్కువైందని తర్వాత తెలిసింది.

నాకు మాత్రం ఆ రోజు ఒక్క మనిషి వింటే చాలు. వరంగల్ బజారులో కిరాణా దుకాణం నడిపే మా బాపు. దగ్గరివాళ్ళ పెళ్ళికి తప్ప షట్టర్ దించడు. "నువ్వేం సదివినవో ఒక్కపారన్న ఇంట బిడ్డా" అని దుకాణం బంద్ పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సుబేదారిలో మా కాలేజీ దాకా వచ్చాడు. ఆయనకు అర్థమయ్యేలా నా ప్రసంగంలో ప్రతి బొమ్మా ముందే మళ్ళీ గీసుకున్నాను.

సభ మొదలైంది. ముఖ్య అతిథికి శాలువా. విశిష్ట అతిథికి, గౌరవ అతిథికి, ఆత్మీయ అతిథికి శాలువాలు. ఈ నలుగురికీ తేడా ఏమిటో ఏ భౌతికశాస్త్రమూ ఇంకా తేల్చలేదు. అందరూ మాట్లాడారు. ఒకాయన నక్షత్రాల నుంచి జాతకాల్లోకి వెళ్ళి, తిరిగి రావడం మరిచిపోయాడు. ఇంతలో, బజారులో బాపును ఎరిగిన ముఖ్య అతిథి కంటికి ముందు వరసలో ఆయన కనిపించాడు.

"అరె, సేటు కింద కూసున్నడేంది? పైకి రా అన్నా!"

బాపు మీదా ఒక శాలువా పడింది. వినడానికొచ్చిన ఒక్క మనిషీ వేదిక ఎక్కాడని నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు ప్రిన్సిపాల్ నా దగ్గరికి వంగి, "మేడం, టైం లేదు. జర రెండు మాటల్ల చెప్పుండ్రి" అన్నారు.

చెప్పాను. "అంతరిక్షంలోని చల్లటి మబ్బుల్లో సన్నటి పోగుల వెంట వాయువు పారుతూ, ఆ పోగులన్నీ కలిసే చోటికి చేరుతుంది. అక్కడ ఎంత బరువు చేరితే అంత దూరం నుంచి ఇంకా లాక్కుంటుంది. పెద్ద నక్షత్రం అట్లా ఎదుగుతుంది, చుట్టూ ఉన్న చిన్నవాటికి మిగిలేది తక్కువ."

వేదిక మీద ఎవరికీ కోపం రాలేదు. విని ఉంటే వచ్చేది. సమోసాల ట్రే అప్పటికే వేదిక ఎక్కింది, హాల్లో జనమంతా తలుపు వైపు కదిలారు.

బాపు మాత్రం కిందికి దిగి, ముందు వరసలో కూర్చుని, ఫోను బంద్ చేశాడు.

"ఇగ షురూ చెయ్యి బిడ్డా."

"అయిపోయింది బాపూ. ఇందాక చెప్పిన రెండు మాటలే."

ఖాళీ కుర్చీల వైపు చూశాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఇన్నేండ్లు సదివింది గా రెండు మాటలకేనా బిడ్డా?"