యాదన్న గీసిన మీసం

గడ్డం గీసుకుని పటిక రుద్దితే, పై పెదవి మీద ఒక్కచోట మాత్రం చురుక్కుమనదు. పుట్టిన మూడో నెలలో, చీలిన పెదవిని కుట్టిన చోటది. డాక్టరు బాగానే కుట్టాడు. నేను పెరిగాను, కుట్టు పెరగలేదు. ముక్కు ఓ పక్కకు ఒరిగింది, పెదవి ఓ పక్క పైకి లేచింది. ఏడుస్తున్నా నవ్వుతున్నాననుకుంటారు జనం. ఆ మొద్దుబారిన చోటే నాకు యాదన్న గుర్తొస్తాడు.

పద్మారావు నగర్‌లో ఆయనది రెండు కుర్చీల సెలూన్. అక్క పెళ్లినాడు పొద్దున్నే పెదనాన్న నన్ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మీసం వస్తే మచ్చ దాగుతుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. మచ్చ మీద వెంట్రుక మొలవదని మీసానికి తప్ప ఎవరికీ తెలియదు. అది మధ్యలో సందు వదిలి, అన్నదమ్ములు గోడ కట్టుకున్నట్టు పెరిగింది.

"యాదగిరీ, ఆ సందు జెర నింపు. ఫొటోలల్ల మంచిగ కనబడాలె," అన్నాడు పెదనాన్న.

యాదన్న నల్ల పెన్సిల్‌తో నింపాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, చెమటకు మీసం కరిగి పెదవి మీదికి దిగింది. పెళ్లికొడుకు తరఫు పిల్లలు పడీపడీ నవ్వారు. పెదనాన్న నన్ను వరుస చివరికి జరిపాడు. అక్క ఆల్బంలో నేనొక మోచేయిని.

మర్నాడు యాదన్నను తిట్టడానికే వెళ్లాను. కోపమొస్తే నా మాట సగం ముక్కులోంచి పోతుంది. మిగిలిన సగమే సరిపోయింది.

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "తప్పు నాదే తమ్మీ. కుర్చీల కూసున్నోన్ని అడగాలె, ఎనక నిలబడ్డోన్ని కాదు. ఇన్నేండ్లసంది చేస్తున్న, గిదే మరిచిన. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యాలె?"

నా మొహం గురించి నన్నడిగిన మొదటి మనిషి.

"తీసెయ్ అన్నా."

తీశాడు. "గీడ తోలు మడత పడ్డది. వేలుతోని జెర గుంజి పట్టు, కత్తి అడ్డం పెట్టకు," అని నా చేత్తోనే నేర్పాడు.

యాదన్న పోయిన ఏడాది చనిపోయాడు. పోయిన వారం పెదనాన్న నన్ను ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి లాక్కెళ్లాడు. సర్జన్ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పెదనాన్న వైపు చూశాడు: "ముక్కుతో పాటు మచ్చ కూడా సరిచేసేద్దామా?"

"చేసెయ్యండ్రి సార్, మంచిగుంటడు."

నా మాట మళ్లీ ముక్కులోంచి పోయింది. పోనీ అనుకున్నాను.

"సార్, కుర్చీల కూసున్నది నేను. ముక్కు సరిచెయ్యండ్రి, ఊపిరాడుతలేదు. పెదవి జోలికి రాకండ్రి."