అర్థాల పాఠం, మా నాన్నగారి చేను

నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఆపైన మా ఇళ్ళల్లో ఆడపిల్లని బయటికి పంపేవారు కాదు. అటువంటిదాన్ని, కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో ఇంట్లో కూర్చున్న ఒక వేసవిలో ఎమ్మే పాఠం నేర్చుకున్నాను. నేర్పింది నా మనవరాలు, మా అబ్బాయి కూతురు.

అది విశాఖపట్నంలో భాషాశాస్త్రం చదువుతోంది. ఆ చదువుకి ఏ ఉద్యోగం వస్తుందో నాకు బోధపడలేదు గానీ, ఫీజు కట్టేశాక చదవకపోతే దండగ కదా అని, సెలవులకి భీమవరం వచ్చిన రోజునుంచే దానిచేత పుస్తకం పట్టించాను. సెమాంటిక్స్ అనే పేపరొకటి దానికి కొరుకుడు పడటం లేదు. మాటకి అర్థం ఎలా వస్తుంది, ఎంతవరకు వస్తుంది అన్నదట ఆ పేపరు.

"ఎవరికైనా పైకి చెబితే నాకు బుర్రకెక్కుతుందండి మామ్మగారూ. మీరు ఊరికే వినండి" అంది.

"ఊరికే వినటమెందుకు? చింతపండు గింజ తీస్తూ వింటాను. కన్ను లేకపోయినా వేళ్ళున్నాయిగా."

మాట వేరు, ఆ మాట చూపించే వస్తువు వేరు అన్నది మొదటి పాఠం. దానికి ఉదాహరణ మా చేనుతోనే చెప్పింది. నేను పసుపుకుంకుమ చేను అంటాను. మా అబ్బాయి మురుగ్గట్టు చేను అంటాడు. కౌలురైతు అమ్మగారి చేను అంటాడు. ముగ్గురి మాటకీ అర్థం వేరు, చూపించే నేల మాత్రం ఒకటే.

"ఈమాత్రం దానికి ఎమ్మే ఎందుకే?" అన్నాను.

అన్నానే గానీ, ఆ పాఠం నన్ను వదల్లేదు. ఆ చేను నేనెప్పుడూ చూడలేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొలంగట్టు ఎక్కరు. భూమి మా పేరున ఉంటుంది, మాకు మాత్రం కబురుగానే వస్తుంది. నాట్లు పడ్డాయి, చేను పొట్టమీదుంది, కోతలయ్యాయి అని మొదట మా నాన్నగారు చెప్పారు, తరువాత మా వారు, ఆయన పోయాక మా అబ్బాయి. తన కూతురు కొన్న బియ్యం తినకూడదని నా పెళ్ళిలో పసుపుకుంకుమ కింద మా నాన్నగారు రాసిచ్చిన చేను అది. పెళ్ళయిన దగ్గరనుంచీ ఈ ఇంట్లో బియ్యం కొన్నది లేదు. బస్తాలు దింపుతుంటే అరుగు మీద చిందిన గింజని కూడా చాటలోకి ఎత్తిస్తాను. ఎవరైనా నవ్వితే, మా నాన్నగారి గింజ తొక్కకండి అంటాను.

తరువాతి పాఠం నాకు నచ్చింది. ఒక మాట అన్నాక దానిలోంచి తప్పించుకోలేని అర్థం కొంత ఉంటుందట. అది కాక, విన్నవాళ్ళు తమంతట తాము కలుపుకునేది కొంత ఉంటుందట. ఏది ఏదో తెలుసుకోవాలంటే పక్కన 'కానీ' పెట్టి చూడాలి.

"రైలు దిగాడండి, కానీ అసలు ఎక్కలేదు. ఇది కుదురుతుందా?"

"పిచ్చి మాట."

"కదండీ. అంటే, ఎక్కటం ఆ మాటలోనే ఉంది. ఇప్పుడిది చూడండి. భోజనానికి రమ్మంటే, ఇప్పుడే టిఫిన్ తిన్నానండి అన్నాడు. రానన్నాడా?"

"రానన్నట్టేగా."

"అనలేదండి. ఇప్పుడే టిఫిన్ తిన్నాను, కానీ వస్తాను అనొచ్చు. రానన్నది మీరు కలుపుకున్నారు. ఆయన నోట రాలేదు."

"మరి నేను వంట తగ్గించుకుంటే?"

"అది మీ పూచీ మామ్మగారూ" అని నవ్వింది.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవర్నీ బతకనివ్వలేదు. పాలు పోసే ఆవిడ వచ్చి, "నేను చుక్క నీళ్ళు కలపలేదండి" అంటే, "నువ్వు కలపలేదు సరే, మీ ఆయన కలిపాడా?" అన్నాను. ఆవిడ చెంబు కింద పెట్టేసి, "బాబోయ్, అమ్మగారికి చదువొచ్చేసిందండోయ్! రేపటినుంచి పాలు ఎవరికి పొయ్యాలో ఏంటో!" అంది. మనవరాలు పొట్టపట్టుకుని నవ్వింది. నాకూ సంతోషంగానే ఉంది. ఆ వయసులో ఎవరైనా కూర్చోబెట్టి నేర్పుతారని నేననుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, "ఈసారి ఉదాహరణ మీరు చెప్పండి" అంది. ఏదో ఒకటి చెప్పాలి కదా, మా అబ్బాయి మాట గుర్తొచ్చింది. "చేను కౌలుకిచ్చామండి అమ్మా, రాబడి బావుంది అన్నాడు మీ నాన్న. దీని పక్కన 'కానీ' పెడతాను చూడు. చేను కౌలుకిచ్చాం, కానీ అందులో వరి లేదు. కుదిరింది! చూశావా, కుదిరింది!" అని నేనే నవ్వాను.

అది నవ్వలేదు. పుస్తకంలో వేలు పెట్టుకుని, "ఇంకో ఉదాహరణ చెప్పండి మామ్మగారూ" అంది.

చింతపండు పళ్ళెం పక్కకి నెట్టి, "అందులో వరి ఉందా?" అని అడిగాను.

"నాన్నగారిని అడగండి."

నేను వాళ్ళ నాన్నని అడగలేదు. మర్నాడు పొద్దున్నే, వాడు బజారుకి వెళ్ళాక, వీధిలో ఆటో పిలిపించుకుని ఎక్కాను. మనవరాలు గుమ్మందాకా వచ్చి, "ఎండగా ఉందండి, కన్ను జాగ్రత్త" అంది. వద్దనలేదు, నేనూ వస్తాననలేదు.

ఊరి పేరు తెలుసు, మురుగుకాలవ గట్టు పక్కనని తెలుసు. అంతకుమించి నాకు ఆనవాలు లేదు. గట్టు మీదికి ఎక్కాక రెండు పక్కలా ఆకాశమంత నీళ్ళు కనిపించాయి. ఆ నీళ్ళ మీద పక్షులు వాలకుండా తాళ్ళు కట్టారు. రేకుల చక్రాలు తిరుగుతూ నీళ్ళని చరుస్తున్నాయి. మేత వాసన ముక్కులు బద్దలు కొడుతోంది.

"ఏ చెరువు దగ్గర ఆపమంటారండీ?" అన్నాడు ఆటో అతను.

"చెరువు కాదు. చేను."

"ఈ పక్క చేలు లేవండి అమ్మగారూ."

పాక దగ్గర కాపలావాడు కూర్చుని ఉంటే మా ఇంటిపేరు చెప్పి అడిగాను. అతను మర్యాదగా లేచి తువ్వాలు భుజం మీంచి తీశాడు. "ఇదేనండి. అమ్మగారి చెరువండి. ఉప్పుటేటి నీళ్ళు పెట్టి రొయ్య వేశారు. ఆ అమ్మగారు భీమవరంలో ఉంటారండి. ఇటు రారు."

గట్టు దిగబోతే కాలి కింద మట్టి తెల్లగా పొడి రాలింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి వచ్చేశాడు. ఎక్కడికి వెళ్ళానో వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెప్పుల నిండా తెల్ల మట్టే.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"కొన్నేళ్ళయిందండి. చుట్టూ అందరూ చెరువులు తవ్వేశారమ్మా. ఊటలో ఉప్పునీళ్ళు దిగుతుంటే మధ్యలో మన వరి ఒక్కటీ ఎలా బతుకుతుందండి?"

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీ మనసు కష్టపడుతుందని. అంతేగానీ ఒక్క అబద్ధం చెప్పానా?"

"ధాన్యం వచ్చిందన్నావు."

"వచ్చిందిగా అండి."

"మన చేలోంచి రాలేదు."

"మన చేలోంచని నేననలేదండి."

ఏటేటా సార్వా పంట కోతలవగానే బస్తాలు దింపించేవాడు. ఎక్కడో కొని, మా గుమ్మం ముందు దింపించేవాడు. ఆ గింజలు నేను చాటలోకి ఎత్తించాను. మా నాన్నగారి చేనివని కూతుళ్ళ ఇళ్ళకి బస్తా చొప్పున పంపించాను. వియ్యంకులు భోంచేస్తుంటే పక్కన నిలబడి గొప్పగా చెప్పుకున్నాను. అప్పుడు వాడు అక్కడే కూర్చుని తలవంచుకుని తినేవాడు.

వాడిది సరే. మగవాళ్ళు తమ లెక్కలు మాకెప్పుడూ సగమే చెబుతారు. నేను తలుపు దగ్గర నిలబడ్డ మనవరాలి వైపు తిరిగాను.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటినుంచీ తెలుసండి."

"తెలిసే చేను చేను అంటూ పాఠం చెప్పావా?"

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాన్నగారు చెప్పద్దన్నారండి. మీరు... మీరెప్పుడూ అడగలేదు కదా మామ్మగారూ."

గట్టిగా కొట్టినా అంత తగిలేది కాదు. కలుపుకున్నది నా పూచీ అని నవ్వుతూ చెప్పిన పిల్లే అది. ఆ నాలుగు రోజులూ నాతో ఆడుకుంటోందో, నోటితో చెప్పలేనిది పుస్తకంతో చెబుతోందో, నేను తేల్చుకోలేకపోయాను. దాన్ని అడగలేదు కూడా. అడిగితే మళ్ళీ ఏదో ఒక నిజమే చెబుతుంది.

సెలవులయ్యాక దానికి ఎప్పటిలాగే ఆవకాయ జాడీ కట్టి ఇచ్చాను. బస్టాండుకి మాత్రం వెళ్ళలేదు.

భూమి నా పేరున ఉంది. చెరువులో రొయ్యలు పట్టేయగానే కౌలు రద్దు చేయించాను. మా అబ్బాయి నీళ్ళు తోడించాడు, దున్నించాడు, వానలు పడ్డాక నాట్లు వేయించాడు. కబురు చెబుతానన్నాడు. వద్దని నేనే వెళ్ళాను, వారం వారం వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళు వింతగా చూసినా ఎక్కడా తగ్గలేదు. మొదట్లో నాట్లు పచ్చగానే నిలబడ్డాయి. తరువాత ఆకు కొసలు ఎర్రబడ్డాయి. ఆపైన మొక్క మొక్కా ఉన్నచోటే ఎండిపోయింది. ఒకటి పీకి చూశాను. వేరు నల్లగా ఉంది.

"మళ్ళీ పండుతుందా?" అన్నాను.

"పండించొచ్చంటున్నారండి."

"పండుతుందా అని అడుగుతున్నాను."

వాడు ఆ నల్ల వేరు నా చేతిలోంచి తీసుకున్నాడు. "తెలీదమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు నాకు చెప్పిన మాటల్లో ఏమీ దాచుకోనిది అదొక్కటే.

ఆ చలికాలం మా అబ్బాయిని వెంటబెట్టుకుని నేనే మిల్లుకి వెళ్ళాను. గుప్పిట్లో పోసుకుని నూక చూసి, బేరమాడి, బస్తా కొన్నాను. పండక్కి ముందు మనవరాలు వచ్చింది. కంచం ముందు కూర్చుని నా మొహం చూడలేక అన్నం వైపు చూస్తోంది. నేను వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"ఇవి కొన్న బియ్యం" అన్నాను. "తిను."