ఎండిన ఆకు కోసం పెన్‌పహాడ్ దాకా

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో ముందే చెప్పేస్తాను. నేను హైదరాబాద్‌లో మొక్కల కణాల మీద పరిశోధన చేస్తున్నాను. ప్రతి కణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది. అది ఊరికే గోడలా నిలబడి ఉండేది కాదు. వేరుకు నీళ్లు అందకపోతే ఒక ఎంజైమ్ ఆ పొరలోని కొవ్వు అణువుకు తల తుంచేస్తుంది. మిగిలిన మొండెం పేరు ఫాస్ఫాటిడిక్ ఆమ్లం. అదే కబురు. అది అందగానే ఆకు తన రంధ్రాలు మూసుకుని, ఉన్న కాస్త తేమనూ బిగబట్టుకుంటుంది. మా కొత్త వరి విత్తనంలో ఆ కబురు ఎంత గట్టిగా పుడుతుందో కొలవడమే నా పని. ఒక యాసంగి పంటను అకాల వర్షం ముంచింది. ఇంకో యాసంగి ల్యాబులో ఫ్రీజర్ ఆగిపోయి ఆకులన్నీ కుళ్లిపోయాయి. ఫెలోషిప్ ఈ నెలతో సరి. ఈసారి కూడా తప్పితే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

మొదటి బస్సెక్కితే విజయవాడ హైవే మీద మూడు గంటల్లో సూర్యాపేట. అక్కడ బస్టాండు ఎదుట కారు కిరాయికి మాట్లాడుకున్నాను, రోజంతా తిరగడానికి డీజిల్‌తో కలిపి మూడు వేలు. డ్రైవర్ యాదగిరి మాటకారి. ఈ దారిన వెళ్లేవాళ్లు టిఫిన్ సూర్యాపేటలోనే కానిచ్చేయండి. నాకైతే ఇడ్లీ కంటే మరిగే నీళ్లే ముఖ్యం. ఆకును కోయడమే మొక్కకు గాయం. కోసిన క్షణం నుంచి ఆ గాయం తాలూకు కబురు పుట్టి అసలు కబురును మింగేస్తుంది. అందుకని కోసీ కోయగానే గాజు గొట్టాల్లో పోసిన వేడి ఆల్కహాల్‌లో ముంచి ఎంజైమ్‌ను చంపేయాలి. ఆ గొట్టాలు చల్లారకుండా థర్మోస్ డబ్బాలో వాటి చుట్టూ వేడినీళ్లు ఉండాలి. హోటల్లో వంటామె నా డబ్బా మూత తీసి ముక్కు మూసుకుంది.

“ఏందమ్మా గిది? పొద్దుపొద్దుగాలనే మందా?”

“తాగేది కాదమ్మా, ఆకుల్ని ముంచడానికి.”

“ఇగ ఆకులకు గూడ తాగబోస్తున్నరా!” అని నవ్వుతూ గిన్నెడు నీళ్లు పోసింది. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

కోదాడ అక్కడికి గంట దూరం. మా విత్తనాన్ని మూడు చోట్ల చిన్న మళ్లలో వేశాం. కోదాడ దగ్గర మడి ఆరాకే మళ్లీ నీళ్లు పెట్టే ఆరుతడి, మిర్యాలగూడ దగ్గర నిండా కాలువ నీళ్లు, పెన్‌పహాడ్ దగ్గర ఆఖరి రెండు వారాలు అసలు నీళ్లే లేకుండా. కోదాడ రైతు మడి దగ్గరే నిలబడి ఉన్నాడు. “మీరు చెప్పినట్టే చేశామండి. రేపు తడి పెట్టుకోవచ్చా? ఎండలు చూస్తున్నారు కదా,” అన్నాడు. పెట్టుకోమన్నాను. ఆకులు కోసి, ముంచి, మళ్లీ కారెక్కాను.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే దారిలో సిమెంటు లారీలు ఎక్కువ. “వీటి ఎనక పడ్డమంటే ఇగ అయిపోయినట్టే మేడం,” అని యాదగిరి గొణుగుతూనే ఉన్నాడు. రెండు గంటలు పట్టింది. మిర్యాలగూడలో రైసు మిల్లుల తవుడు వాసన కారు అద్దాలు వేసినా ఆగదు. బస్టాండు దగ్గరి మెస్సులో భోజనం బాగుంటుంది, పప్పు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. అక్కడే వేడినీళ్లు మార్చుకుని, కాలువ కింద మడిలో ఆకులు కోసుకున్నాను.

“రెండు ఖతం. ఇంకొక్కటే గద మేడం?” అన్నాడు యాదగిరి.

ఆ ఒక్కటే ప్రాణం. ఎండిన ఆకు దొరక్కపోతే ఈ రెండూ దేనితో పోల్చను?

పెన్‌పహాడ్ వైపు తిరిగాక పొలాల రంగే మారిపోయింది. బోర్లు ఎండిపోయి, కొన్నిచోట్ల నిలువు వరిలోకే బర్రెలను తోలేశారు. మా మడి సత్తెమ్మ పొలంలో ఓ మూల ఉంటుంది. యాభై దాటిన మనిషి, ఒంటరిగా రెండెకరాలు చేసుకుంటోంది. గట్టు మీద నిలబడి చెయ్యూపింది.

“వచ్చినవా బిడ్డా! సూడు నీ మడి!”

చూశాను. నీళ్లు తళతళలాడుతున్నాయి. గొట్టాల్లా చుట్టుకుపోయి ఉండాల్సిన ఆకులు హాయిగా విచ్చుకుని ఉన్నాయి.

“అయ్యో! నీళ్లెవరు పెట్టారక్కా?”

“నేనే పెట్టిన. నిన్న ఫోన్ చేసి రేపొస్తున్న అంటివి గద. పట్నంకెల్లి మనిషి పొలం సూడనీకి వస్తుంటే ఎండిన మడి సూపిస్తమా? ఇజ్జత్ పోదా? పొద్దుగాల కరెంటు రాంగనే మోటరేసిన.”

“రెండు వారాలు చుక్క పెట్టొద్దన్నాను కదా!” అరిచేశాను.

“పెట్టలే గద! నిన్నటితోని రెండు వారాలు అయిపాయె.”

నిజమే. ఒప్పుకున్న మాట ఆమె తప్పలేదు. వేరుకు నీళ్లు తగిలాక ఆ కబురు నిలవదు, పొర మళ్లీ సర్దుకుంటుంది. పొద్దుటి నుంచి సర్దుకుంటూనే ఉంది. ఎవరి మీద అరవాలో తెలియక గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు కనిపించింది పక్కనే ఆమె సొంత పొలం. నేల నెర్రెలు బారి, ఆకులు చుట్టుకుపోయి, కొసలు మాడిపోయి ఉంది.

“మరి నీ పొలం పారలేదా పెద్దమ్మా?” యాదగిరి అడిగాడు.

“బోరు జరంతసేపే పోస్తది అయ్యా, మళ్ల ఊరనీకి దినాలు పడ్తది. ఉన్నయన్ని గీ మడికే మలిపిన. మాది పొట్ట మీదున్నది, ఎన్ను ఎల్లే టైము. గీ తడి తప్పితే ఇగ గింజ పట్టదు, అంత తాలే.” ఆమె నా వైపు తిరిగింది. “గట్ల కూసున్నవేంది బిడ్డా? మడి మంచిగ లేదా?”

“నాకు ఎండిన ఆకే కావాలక్కా. ఇది ఇక పనికిరాదు.”

ఆమె తన పొలం వైపు చెయ్యి చూపించింది. “అట్లయితే మా దాంట్ల కోసుకో. అంత ఎండిందే గద,” అంది.

అది వేరే విత్తనం. ఆ ఆకు నా లెక్కకు రాదు. అదే ఆమెకు చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, “నాదెట్లనో పోతనే ఉండె. నీదన్న దక్కుతదనుకున్న బిడ్డా,” అంది.

సూర్యాపేట బస్టాండులో కూర్చునేసరికి డబ్బాలో నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. కణం పొరలో కబురు పుడితే ఆకంతా వింటుంది, మూసుకోవాల్సినవి మూసుకుంటుంది. సత్తెమ్మ పొలంలో ప్రతి కణమూ ఇన్నాళ్లుగా నీళ్లో నీళ్లో అని మొత్తుకుంటోంది. దాన్ని కొలవడం నేర్చుకున్నదాన్ని, పక్క మడిలో నిలబడి కూడా ఏమీ చేయలేకపోయాను. ఉన్న ఒక్క తడితో ఇద్దరి పంటా పోయింది. పొలాలకు ఆకుల కోసం వెళ్లేవాళ్లకు ఒకటే చెప్తాను: ఎండిన మడి కావాలంటే, వచ్చే రోజు ముందుగా చెప్పకండి. చెప్పారంటే, తమ పైరు నోటి దగ్గరి నీళ్లు లాగి మీ మడికి పెడతారు.