తూకం చెప్పే ఫోను

మొన్న కోదాడలో ఇంజినీరింగ్ చదివే మా మేనకోడలిని కాలేజీలో దింపడానికి వెళ్తూ మునగాల దగ్గర టీకి ఆగితే, ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి తన ప్రాజెక్టు చూపించింది. అవతలి కంప్యూటరుకు ఎంత సమాచారమైనా పంపడానికి ఒక్క లైను రాసి ఊరుకుంది. ఒకేసారి పోకుండా మిగిలిపోతే ఎట్లా అని అడిగితే, అదంతా ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ కోడు చూసుకుంటది అత్తా, నీకెందుకు పరేషాన్ అని నవ్వింది. నిజమే, నాకెందుకు? కానీ ఆ చూసుకునే పనే ఒకప్పుడు మన ప్రాణం తోడేసేదని నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా!

రెండువేల రెండు, మూడు ప్రాంతంలో నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ పనికి కుదిరాను. కుదిర్చింది మా చిన్నాయనే. ఆయన తుంగతుర్తిలో గొర్లు అమ్మేసి వచ్చి, ఆ మిల్లు కాంటా దగ్గర ఏళ్ల తరబడి ఒకటే పని చేసేవాడు. వచ్చిన ప్రతి ధాన్యం లారీ తూకాన్నీ ఫోనులో ఆ మిల్లువాళ్లదే సూర్యాపేట ఆఫీసుకు చదివి చెప్పడం. అక్కడ ఫోనెత్తే గుమాస్తా ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు గానీ, ఆ మనిషికి పడిశం పట్టినా ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు. మిల్లు ఓనరు సేటు నన్ను పెట్టుకున్నదేమో, ఆ తూకాలు ఫోనుతో పని లేకుండా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పోవాలని. అంటే నా పని కుదిరితే చిన్నాయన కొలువు ఖతం. ఇద్దరికీ తెలుసు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కుండలో అన్నం తింటూ, ఆ ముచ్చట మాత్రం ఎత్తేవాళ్లం కాదు.

మొదట్లో నా ప్రోగ్రాం బాగానే నడిచింది. కోతలై లారీలు బారులు తీరేసరికి దాని బండారం బయటపడింది. టెలిఫోను తీగ మీద నెట్టు ఎంత నిదానమో మీకు గుర్తుండే ఉంటుంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే దారిని సాకెట్ అంటారు కదా, అది నేనిచ్చిందంతా ఒక్కసారి తీసుకునేది కాదు, పట్టినంత తీసుకుని మిగతాది నాకే వదిలేసేది. నేనేమో అంతా పోయిందనుకునేదాన్ని. అవతల లారీ నంబరు చేరేది, తూకం చేరేది కాదు. మళ్లీ చిన్నాయనకే పిలుపు. నీ పెట్టె సగమే మింగుతున్నది బిడ్డా అని ఆటపట్టిస్తూ ఫోను అందుకునేవాడు. ఆయనకు అది ఊరటగానే ఉండేది, నాకు తెలుస్తూనే ఉండేది.

మిగిలినదాన్ని దాచిపెట్టి, చోటు ఖాళీ కాగానే చెప్పమని సాకెట్‌ను అడగడం నేర్చుకున్నాను. ఇగ చూడండి, తూకాలు చేరాయి, కంప్యూటర్ మొరాయించింది! పంపాల్సింది అయిపోయినా చోటుంది, చోటుంది అని సాకెట్ చెబుతూనే ఉంది, ప్రోగ్రాం ప్రతిసారీ పరుగెత్తిపోయి ఒట్టి చేతులతో తిరిగొస్తూనే ఉంది. భోజనాల బంతిలో ఎవరో విస్తరి ఖాళీ అంటుంటే ఖాళీ బకెట్‌తో వడ్డనకు తిరిగినట్టు. ఏదైనా మిగిలితేనే అడగాలి, అయిపోగానే ఇగ చెప్పొద్దనాలి. ఇంత చిన్న ముక్క తట్టడానికి ఆ కోతల కాలమంతా పట్టింది. అడుగుదామంటే ఆ ఊళ్లో తెలిసినవాళ్లు లేరు.

అది సరిచేసిన రోజు ఒక్క తూకమూ మధ్యలో తెగిపోలేదు. చిన్నాయన పొద్దుగూకేదాకా ఫోను పక్కనే కూర్చుని, పోతూ పోతూ, అన్నీ చేరినయా అని అడిగాడు. చేరినయ్ చిన్నాయనా అన్నాను. మంచిగయింది, లారీలు ఆగొద్దు అన్నాడు. నాకు సంతోషమూ అయింది, ఏడుపూ వచ్చింది.

నెల తిరక్కుండా సేటు ఆయన్ని పంపించేశాడు. సూర్యాపేట గుమాస్తానూ తీసేసి, అక్కడి ఫోను తీగను కంప్యూటర్‌కే తగిలించారు. చిన్నాయన తుంగతుర్తికి పోయి మళ్లీ గొర్లు కొన్నాడు. కొన్నాళ్లకు నేను చూడబోతే, ఒకనాడు ఎస్టీడీ బూత్‌కు పోయి తనకు కంఠతా వచ్చిన సూర్యాపేట నంబరు తిప్పానని చెప్పాడు. పనేం లేదట, ఊరికెనే పలకరిద్దామని. ఆ మనిషిని తీసేసిన సంగతి నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు.

“నీ పెట్టె ఎత్తింది బిడ్డా. కీచుమని ఒకటే అరుపు. నేను చెప్పేది చెప్పి పెట్టేసిన.”

ఇప్పుడైతే ఎవరి నంబరు వాళ్ల జేబులోనే ఉంటుంది, కొలువు పోయినా వెంట వస్తుంది. అప్పట్లో నంబరు ఆఫీసుది, మనిషిది కాదు. ఆ గుమాస్తా ఎటు పోయాడో తెలిసిందా అని చిన్నాయన ఉన్నన్నాళ్లూ నన్ను అడిగాడు. నేను ఎవరినడిగీ తెలుసుకోలేకపోయాను.